ఇద్దరికీ ఒక్కటే రోజు ఉన్నప్పుడు

కొత్త సిటీకి ఒక్కరోజు కోసం వెళ్దామనుకున్న ఏ జంటైనా మొదట ఫోన్ తీసి 'తప్పక చూడాల్సిన ప్రదేశాలు' అని వెతుకుతారు. పది పేర్లు వస్తాయి. అందులో ఎనిమిది ఎంచుకుంటారు. మ్యాప్‌లో గుర్తులు పెట్టుకుని, అన్నీ దగ్గర దగ్గరే ఉన్నాయి కదా అని సంతోషపడతారు. అక్కడితో ప్లాన్ అయిపోయిందనుకుంటారు. నన్నడిగితే అది ఇంకా మొదలే కాలేదు. ఒక్కరోజు ప్రయాణానికి ప్లాన్ వేయడమంటే ఏమేం చూడకుండా తిరిగి వచ్చేస్తామో ఇద్దరూ ముందే కూర్చుని ఒప్పుకోవడం. చూసేవాటి జాబితా ఎవరైనా ఇస్తారు. వదిలేసేవాటి జాబితా మాత్రం ఆ ఇద్దరే రాసుకోవాలి. దేన్ని వదిలితే ఎవరి మనసు చివుక్కుమంటుందో బయటివాళ్ళకి తెలియదు.

నాకు తెలిసిన జంటల్లో సరదాగా బయల్దేరి సాయంత్రానికి ముభావంగా తిరిగొచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. చూసిన చోటు బాగాలేదని వాళ్ళలో ఎవరూ అనలేదు. ఒకరు పట్టుబట్టి తిప్పారు, ఇంకొకరు నోరు మెదపకుండా తిరిగారు. గొడవంతా అక్కడే ఉంది. అందుకే ఈ విషయాన్ని కాస్త సీరియస్‌గానే రాయాలనిపించింది.

ముందు గడియారం సంగతి చూద్దాం. పొద్దున 9 గంటలకి సిటీలో దిగి, సాయంత్రం 7 గంటలకి తిరుగు రైలు ఎక్కుతామనుకుందాం. చేతిలో 10 గంటలున్నట్టు అనిపిస్తుంది. దిగాక సామాను ఎక్కడ పెట్టాలి, మొదటి చోటికి ఎలా వెళ్ళాలి అని తేల్చుకునేసరికి ముప్పావుగంట. భోజనానికీ, మధ్యలో కాళ్ళు చాపుకుని కూర్చోడానికీ కలిపి గంటన్నర. టాయిలెట్ వెతుక్కోవడం, నీళ్ళు నింపుకోవడం, ఒకసారి దారి తప్పి వెనక్కి రావడం, వీటికి అరగంట. స్టేషన్‌కి చేరడానికి అరగంట, రైలుకి ముందు ఇంకో అరగంట. అంటే మూడు ముప్పావు గంటలు ఇలాగే పోతాయి. మిగిలేది 375 నిమిషాలు.

ఒక చోటు నుంచి ఇంకో చోటికి సగటున 25 నిమిషాలు, ప్రతి చోటా క్యూలో 15 నిమిషాలు అనుకుని లెక్కేయండి. ఎనిమిది చోట్లు పెట్టుకుంటే మధ్య ప్రయాణాలకే 175 నిమిషాలు, క్యూలకి 120. మిగిలిన 80 నిమిషాల్ని ఎనిమిదికి పంచితే ఒక్కోదానికి పది నిమిషాలు. నాలుగే పెట్టుకుంటే ఒక్కో చోట గంట ఉండొచ్చు. మూడైతే గంటన్నర పైనే. చోట్లు ఎనిమిది నుంచి నాలుగుకి తగ్గిస్తే ఒక్కో చోట చూసే సమయం ఆరు రెట్లయింది! చోట్లు పెరిగినకొద్దీ మన సమయాన్ని తినేసేది ఆ చోట్లు కాదు, వాటి మధ్య దూరాలూ గుమ్మాల ముందు నిలబడటాలూ. మీ సిటీకి తగ్గట్టు ఈ అంకెలు మార్చుకోండి, కానీ లెక్క మాత్రం ఒకసారి కాగితం మీద వేయండి.

ఈ లెక్క వేయకుండానే 'అయిపోతుందిలే' అనిపించడానికి ఒక కారణముంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే దీని గురించి రాశారు. ఏదైనా పనికి ఎంతసేపు పడుతుందో ఊహించేటప్పుడు మనుషులు అన్నీ సవ్యంగా జరిగితే పట్టే సమయాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఇదివరకు అలాంటి పనికి నిజంగా ఎంతసేపు పట్టిందో గుర్తు తెచ్చుకోరు. సైట్‌సీయింగ్‌లో ఇది రోజూ జరిగేదే. మ్యాప్ 15 నిమిషాల నడక అంటుంది. అది ఎక్కడా ఆగకుండా, గంటకి 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషి లెక్క. ఇద్దరు కొత్త ఊళ్ళో నడుస్తుంటే ప్రతి కొత్త వీధీ ఆపుతుంది. ఒకరు ఏదో చూపిస్తారు, ఇంకొకరు వెనక్కి తిరుగుతారు. అలా ఆగి చూడ్డానికే కదా వెళ్ళింది! అందుకే మ్యాప్ చెప్పినదానికి నేను ఎప్పుడూ సగం కలుపుకుంటాను.

వరస సంగతి ఇంకో తలనొప్పి. ఎనిమిది చోట్లని ఏ వరసలో చూడొచ్చు అని లెక్కేస్తే 40,320 రకాలు వస్తాయి. నాలుగింటికి 24 మాత్రమే. బయల్దేరే ముందు రాత్రి 'ముందు ఇది, కాదు ముందు అది' అని రెండు గంటలు తర్జనభర్జన పడేవాళ్ళ కష్టంలో సగం ఇక్కడిదే. నాకు ఇష్టమైన కథ ఒకటుంది. ప్రెగెల్ నది మీదున్న కోనిగ్స్‌బర్గ్‌లో (ఇప్పుడది రష్యాలోని కాలినిన్‌గ్రాడ్) ఏడు వంతెనలుండేవి. ఏ వంతెననీ రెండోసారి దాటకుండా ఏడూ దాటి ఊరంతా నడిచి రావడం కుదురుతుందా అన్నది అక్కడి ప్రశ్న. 1736 నాటి వ్యాసంలో గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్ అది అసలు కుదరదని నిరూపించాడు. ఎంత తెలివిగా ప్లాన్ వేసినా కుదరదు. గణితంలో గ్రాఫ్ సిద్ధాంతానికి, అంటే చుక్కల్నీ వాటిని కలిపే గీతల్నీ పరిశీలించే శాఖకి, అది పునాది అంటారు. నాకు మాత్రం అందులో వేరే ఊరట కనిపిస్తుంది. కుదరదని ఒకసారి తేలిపోతే, కుదరనందుకు ఒకర్నొకరు నిందించుకునే పని తప్పుతుంది. ఒక్కరోజులో సిటీ మొత్తం చూడటం కుదరదు. ఇద్దరూ ఆ మాట పైకి అనుకున్నాకే ప్లాన్ మొదలుపెట్టాలి.

ఇక మనుషుల సంగతికి వస్తాను. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే.

'ఎక్కడికి వెళ్దాం?' అంటే 'నీ ఇష్టం' అనడం మర్యాదలా, ప్రేమలా ఉంటుంది. అన్నవాళ్ళు కూడా మనస్ఫూర్తిగానే అంటారు. కానీ ఒక్కరోజు ప్రయాణంలో ఆ మాట ఎదుటివాళ్ళ మీద పెద్ద బరువే పెడుతుంది. ఇప్పుడు వాళ్ళు తమ ఇష్టమూ చూసుకోవాలి, మీ ఇష్టమేమిటో ఊహించాలి, ఊహ తప్పితే ఆ నింద కూడా మోయాలి. పైగా మధ్యాహ్నం మూడింటికి కాళ్ళు లాగుతున్నప్పుడు 'నీ ఇష్టం' అన్న మనిషి ముఖం ఎలా మారుతుందో చూసి ఆ రెండో మనిషి ఇంకా టెన్షన్ పడతారు.

దీనికి మేనేజ్‌మెంట్ చదువుల్లో బాగా పేరుపడిన ఉదాహరణ ఒకటుంది. జెర్రీ హార్వీ అనే ఆచార్యుడు 1974లో రాసింది. టెక్సస్‌లోని కోల్‌మన్ అనే చిన్న ఊళ్ళో, మండే ఎండాకాలం మధ్యాహ్నం, ఒక కుటుంబం ఇంట్లో హాయిగా కూర్చుని ఉంటుంది. మామగారు 'ఆబిలీన్ వెళ్ళి భోంచేసి వద్దామా?' అంటారు. కూతురు సరేనంటుంది. అల్లుడికి ఇష్టం లేకపోయినా అందరూ అంటున్నారని తలూపుతాడు. అత్తగారూ అంతే. ఏసీ లేని కారులో 53 మైళ్ళు, అంటే దాదాపు 85 కిలోమీటర్లు వెళ్ళి, చప్పిడి తిండి తిని, దుమ్ములో మళ్ళీ అంత దూరమూ తిరిగొస్తారు. వచ్చాక ఒక్కొక్కరే బయటపడతారు. నలుగురిలో ఏ ఒక్కరికీ వెళ్ళాలని లేదు. ఆ మాట మొదలెట్టిన మామగారు కూడా మిగతావాళ్ళకి ఇంట్లో విసుగ్గా ఉందేమోనని అన్నారట. ఒకరి మీద ఒకరికి ప్రేమ లేక ఇలా జరగలేదు. ఎవరూ తమ మాట తాము చెప్పలేదు, అంతే. ఇద్దరే ఉన్న చోట ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుంది, ఎందుకంటే అడ్డం చెప్పే మూడో మనిషి ఉండరు.

అందుకే మేము చేసే పద్ధతి చెప్తాను. ఎక్కడికైనా వెళ్ళాలనుకున్నప్పుడు మా ఆయనా నేనూ విడివిడిగా కాగితం తీసుకుంటాం. ఒకరిది ఒకరు చూసుకోం. అందులో రెండే విషయాలు రాయాలి. ఒకటి, 'ఇది చూడకుండా తిరిగొస్తే నాకు బాధనిపిస్తుంది' అనుకునే ఒక్క చోటు. రెండోది, అందరూ చూడమంటున్నా నేను సంతోషంగా వదిలేయగల చోటు. రాసిన తర్వాతే కాగితాలు మార్చుకుంటాం. మొదటిదాని మీద చర్చ లేదు. ఎందుకు, అక్కడేముంది, అంత దూరమా అని అడగకూడదు. అది ఆ మనిషి హక్కు. రెండోదాని మీద మాత్రం ఎంతసేపైనా మాట్లాడుకుంటాం, ఎందుకంటే ప్లాన్ తయారయ్యేది అక్కడే. చాలాసార్లు ఇద్దరం వదిలేయడానికి సిద్ధంగా ఉన్నది ఒకటే చోటు అవుతుంది. దాన్ని కేవలం ఊళ్ళో పేరు గొప్పదని జాబితాలో ఉంచుకుని ఉంటాం.

ఎదుటివాళ్ళు ఎంచుకున్న చోట మనకేం మిగులుతుంది అని అడిగేవాళ్ళున్నారు. నాకు పాత రైల్వే స్టేషన్ల మీద ఏ ఆసక్తీ లేదు. మా ఆయనకి ప్రాణం. ఆయనతో వెళ్ళినప్పుడు నేను స్టేషన్ని కాదు, దాన్ని చూస్తున్న ఆయన్ని చూస్తాను. ఇంట్లో రెండు ముక్కల్లో మాట తేల్చేసే మనిషి అక్కడ ఇనుప కమానుల గురించి, గడియారాల గురించి ఆపకుండా చెప్తారు. స్విట్జర్లాండ్ స్టేషన్ల గడియారాల్లో ఎర్రటి సెకన్ల ముల్లు నిమిషం నిండకుండానే, సుమారు 58న్నర సెకన్లకే చుట్టు పూర్తి చేసి పైన ఆగిపోతుందట. నిమిషం సంకేతం అందాక మళ్ళీ కదులుతుందట. ఆ సంగతి నేను ఏ స్విస్ స్టేషన్‌లోనూ తెలుసుకోలేదు, ఇంకెక్కడో ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఆయన నోట విన్నాను. ఇలాంటివి ఏ 'తప్పక చూడాల్సిన' జాబితాలోనూ దొరకవు.

ఇంకో చిక్కు ప్లాన్ ఎవరు మోస్తారన్నది. చాలా ఇళ్ళలో ఒకరే అన్నీ చేస్తారు. టికెట్లు, మ్యాప్, ఏది ఎన్నింటికి తెరుస్తారు, ఏది ఏ వారం సెలవు, అన్నీ ఒకరి బుర్రలోనే ఉంటాయి. సెలవుల సంగతి చిన్నది కాదు. తాజ్ మహల్‌కి శుక్రవారం సెలవు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసేస్తారు, అదే ఊళ్ళో ఓర్సే మ్యూజియం సోమవారం మూసేస్తారు. ఒక్కరోజు కోసం వెళ్ళినవాళ్ళకి ఈ ఒక్క ముక్క తెలియకపోతే రోజే తారుమారవుతుంది. దాన్ని చూసుకోవాల్సిన బాధ్యత ఒక్కరిదే అయితే, ఏది తేడా కొట్టినా అది ఆ ఒక్కరి తప్పయిపోతుంది. వాన పడినా వాళ్ళదే తప్పన్నట్టు ఉంటుంది. రెండో మనిషి ప్రయాణికుడిలా వెనక నడుస్తూ 'ఇంకా ఎంత దూరం?' అంటారు. ఆ ప్రశ్న వినడానికి మామూలుగానే ఉంటుంది, కానీ పొద్దుట్నుంచీ దారి చూపిస్తున్న మనిషికి అది ఫిర్యాదులాగే వినిపిస్తుంది.

'మా ఇద్దరిలో తనకే ప్లానింగ్ బాగా వచ్చు, అందుకే తనకే వదిలేస్తాను' అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. బాగా వచ్చినవాళ్ళకి సెలవు అక్కర్లేదా? రోజంతా గైడ్‌గా ఉన్న మనిషి ఆ ఊరు చూసినట్టా, చూపించినట్టా? నా సలహా, పనుల్ని పంచుకోవద్దు, రోజుని పంచుకోండి. మధ్యాహ్న భోజనం దాకా ఒకరిది. ఆ తర్వాత ఇంకొకరిది. ఎవరి సగంలో వాళ్ళే దారి చూడాలి, టికెట్లు చూడాలి, ఎప్పుడు లేవాలో చెప్పాలి. రెండో మనిషి ఫోన్ జేబులో పెట్టుకుని నడవాలి, దారి సరిచేయకూడదు. పది నిమిషాలు చుట్టు తిరిగి వెళ్ళినా ఏమీ అనకూడదు. ఇది పాటించడం కష్టమే, ముఖ్యంగా ఎప్పుడూ ప్లాన్ చేసే అలవాటున్నవాళ్ళకి. కానీ సగం రోజైనా ఏ బాధ్యతా లేకుండా ఊరు చూడటం ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియాలి.

అలసట గురించి కూడా ముందే అనుకోవాలి. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లో మ్యూజియం అలసట గురించి ఒక వ్యాసం రాశాడు. ఒక మనిషిని ప్రదర్శనలోని వస్తువుల్ని చూడమని, అతను ఎక్కడెక్కడ వంగాల్సి వస్తోందో, ఎక్కడ మోకాళ్ళ మీద కూర్చోవాల్సి వస్తోందో ఫొటోలు తీయించాడు. చూడటం ఒళ్ళు వంచి చేసే పనేనని ఆ ఫొటోలు చూస్తే అర్థమవుతుంది. ఇక పెద్ద మ్యూజియాల సంగతి చెప్పనే అక్కర్లేదు. లూవ్ర్‌లో సుమారు 35,000 వస్తువులు ప్రదర్శనలో ఉంటాయి. ఒక్కోదాని ముందు పది సెకన్లు నిలబడినా 97 గంటలు కావాలి. వాటికన్ మ్యూజియాల్లో నడిచే దారే ఏడు కిలోమీటర్ల దాకా ఉంటుందంటారు. అలాంటి చోటికి వెళ్తే గుమ్మంలోకి అడుగుపెట్టే ముందే ఏ రెండు గదులు చూస్తారో తేల్చుకోండి. ఆ రెండూ చూసి బయటికొచ్చేయండి. టికెట్ డబ్బులు రాబట్టుకోవాలని మిగతా అంతస్తులన్నీ తిరిగితే, ఆ తిరుగుడుకి సాయంత్రం బలవుతుంది.

అందుకే ఇద్దరూ రాసుకున్న ఆ రెండు ముఖ్యమైన చోట్లూ రోజు మొదటి సగంలోనే అయిపోవాలి. బాగున్నది చివరికి దాచుకుందాం అనే ఆలోచన ఒక్కరోజు ప్రయాణానికి పనికిరాదు. చివరికి దాచుకున్నది రైలు టైమ్‌కి చిక్కి, సగం చూసి సగం పరుగెత్తే చోటవుతుంది. అలాగని చివరి గంటని గాలికి వదిలేయకూడదు. కానెమన్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. మనుషుల్ని 14 డిగ్రీల చల్లటి నీళ్ళలో 60 సెకన్లు చెయ్యి పెట్టమన్నారు. ఇంకోసారి అదే 60 సెకన్లు పెట్టించి, ఆపైన ఇంకో 30 సెకన్లు నీళ్ళని మెల్లగా ఒక్క డిగ్రీ వేడి చేశారు. ఈ రెండిట్లో ఏది మళ్ళీ చేస్తారంటే ఎక్కువమంది ఎక్కువసేపు పట్టిన రెండోదాన్నే కోరుకున్నారు. ముగింపు కాస్త మెరుగ్గా ఉంటే మనసు మొత్తం అనుభవాన్నే మెరుగ్గా గుర్తుపెట్టుకుంటుంది. మనకి ఇందులో పనికొచ్చే ముక్క ఏమిటంటే, చివరి గంటకి స్టేషన్‌కి దగ్గర్లో, టికెట్ లేని, కూర్చునే వీలున్న చోటు ఒకటి చూసిపెట్టుకోవాలి. నది గట్టో, పార్కో, నాలుగు వీధులు కలిసే చోట ఒక బెంచీయో. ఆ రోజు సూర్యాస్తమయం ఎన్నింటికో ముందే చూసుకుంటే మరీ మంచిది. 'ఇంకో గంట ఉంది కదా, ఇంకోటి చూసేద్దాం' అనే మాట ఆ గంటలో ఎవరూ అనకూడదని ముందే ఒప్పందం చేసుకోండి.

ఇప్పుడు చాలామందికి నచ్చని సంగతి చెప్తాను. జంటగా వెళ్ళినంత మాత్రాన రోజంతా పక్కపక్కనే ఉండక్కర్లేదు. మధ్యలో గంటో గంటన్నరో విడిపోయి ఎవరికి నచ్చినచోటికి వాళ్ళు వెళ్ళొచ్చు. ఈ మాటంటే 'అంత దానికి కలిసి వెళ్ళడం ఎందుకు?' అంటారు. కలిసి వెళ్ళడమంటే ఒకరు బొమ్మలు చూస్తుంటే ఇంకొకరు గోడకి ఆనుకుని ఫోన్ చూసుకోవడమా? అలా ఎదురుచూసే మనిషి అక్కడున్నా లేనట్టే. చూస్తున్న మనిషికేమో వెనక ఎవరో విసుగ్గా నిలబడ్డారన్న బెంగతో ఏదీ సరిగ్గా కనిపించదు. ఇద్దరికీ ఆ గంట దక్కదు.

కలిసి గడపడం విషయంలో ఆర్థర్ ఆరన్, ఆయన తోటి పరిశోధకులు 2000లో ప్రచురించిన పని నాకు బాగా నచ్చుతుంది. కొన్ని జంటలకి ఏడు నిమిషాల పని ఇచ్చారు. కొందరికి మామూలు పని. ఇంకొందరికి మాత్రం చేతులూ కాళ్ళూ ఒకవైపు కలిపి కట్టి, ఇద్దరి మధ్యా ఒక దిండు పడిపోకుండా చూసుకుంటూ పరుపుల మీద పాకమన్నారు. ఇలాంటి కొత్త, హుషారైన పని కలిసి చేసిన జంటలు ఆ తర్వాత తమ బంధం గురించి మెరుగ్గా చెప్పుకున్నాయి. నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను: దగ్గర చేసేది పక్కన ఉండటం ఒక్కటే కాదు, ఇద్దరికీ కొత్తయిన దాన్ని కలిసి చేయడం. కాబట్టి ఒకరికే ఆసక్తి ఉన్నచోట విడిపోండి. ఇద్దరికీ తెలియని దానికి, పడవెక్కడమో, గోపురం పైకి మెట్లెక్కడమో, పేరు తెలియని పేటలో దారి వెతుక్కోవడమో, వాటికి కలిసి వెళ్ళండి. విడిగా తిరిగొచ్చాక చెప్పుకోడానికి కబుర్లుంటాయి. రోజంతా ఒకటే చూసినవాళ్ళకి భోజనం దగ్గర కొత్తగా చెప్పుకోడానికి ఏముంటుంది?

విడిపోయేటప్పుడు మాత్రం కలుసుకునే చోటు గట్టిగా అనుకోవాలి. 'స్టేషన్ దగ్గర' అంటే చాలదు, ఏ గేటు, గేటుకి ఏ పక్క అన్నది చెప్పుకోవాలి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా, సిగ్నల్ లేకపోయినా దొరికే చోటై ఉండాలి. చెప్పిన టైమ్‌కి రాలేకపోతే రెండో మనిషి ఎంతసేపు ఆగాలి, ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళాలి అన్నది కూడా అనుకోండి. ఇద్దరి దగ్గరా విడివిడిగా టికెట్టూ కాస్త డబ్బూ ఉండాలి.

నడక గురించి ఒక మాట. ఇద్దరి నడకా ఒకటే వేగంలో ఉండే జంటలు తక్కువ. వేగంగా నడిచే మనిషి ముందు వెళ్ళిపోయి మలుపు దగ్గర ఆగుతారు. తను ఆగి ఎదురుచూస్తున్నాను కదా, మంచిగానే ఉన్నాననుకుంటారు. నెమ్మదిగా వచ్చే మనిషి అక్కడికి చేరగానే 'పద' అని మళ్ళీ కదులుతారు. దీంట్లో ఏం జరుగుతోందో గమనించండి: వేగంగా నడిచేవాళ్ళకి ప్రతి మలుపులోనూ విశ్రాంతి దొరికింది. నెమ్మదిగా నడిచే మనిషికి పొద్దుట్నుంచీ ఒక్క నిమిషం కూడా దొరకలేదు. సాయంత్రానికి ఒకరు హుషారుగా, ఇంకొకరు చిరాగ్గా ఉంటే అది వాళ్ళ గుణం కాదు, ఈ ఆగడాల లెక్క. వేగంగా నడిచేవాళ్ళు వెనక నడవాలి. లేదా రెండో మనిషి చేరాక కూడా అంతే సేపు ఆగాలి. ప్లాన్‌లో దూరాలు వేసేటప్పుడు కూడా ఇద్దరిలో నెమ్మదిగా నడిచేవాళ్ళ కాళ్ళనే లెక్కలోకి తీసుకోవాలి. బాగా అలవాటైన చెప్పులో బూట్లో వేసుకోండి, కొత్తవి వద్దు. ఆకలేశాక ఎక్కడ తినాలని వెతకడం మొదలుపెట్టొద్దు, ఆకలి మీద ఇద్దరు కలిసి ఏ నిర్ణయమూ ప్రశాంతంగా తీసుకోలేరు.

ఫొటోల మీద నాకు పగ లేదు. కానీ మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మ్యూజియంలో వస్తువుల్ని ఊరికే చూసినప్పటికంటే ఫొటో తీసినప్పుడు వాటి గురించి తక్కువ గుర్తున్నట్టు తేలింది. వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం అలా తగ్గలేదు. దగ్గరగా చూసి తీయడంలో శ్రద్ధ ఉంది కాబట్టి కావచ్చు. మేము ముందు చూస్తాం, ఏం నచ్చిందో ఒకరికొకరు చెప్పుకుంటాం, ఆ తర్వాత నచ్చిన ఆ ముక్కకే ఫొటో తీస్తాం.

ఇంత లెక్కా పత్రమూ ఉంటే సరదా ఎక్కడుంటుంది, అనుకోకుండా ఎదురయ్యేదాంట్లోనే కదా అందం అని మా స్నేహితులు వాదిస్తారు. అందం అక్కడ ఉందన్నమాట నిజమే. కానీ ఎనిమిది చోట్లు పెట్టుకున్నవాళ్ళకి అనుకోనిది ఎదురైతే ఆగే తీరిక ఎక్కడుంది? వీధి చివర ఎవరో వాయిద్యం వాయిస్తుంటే, టైమ్ చూసుకుంటూ దాటిపోతారు. మూడే పెట్టుకుని, మధ్యాహ్నం ఒక గంటకి ఏమీ రాయకుండా ఖాళీగా ఉంచితే ఆ వాయిద్యం ముందు నిలబడొచ్చు. ఏమీ ఎదురవకపోతే ఆ గంట కూర్చోండి. వాన వస్తే ఆ గంటే ఆదుకుంటుంది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఒకటుంది, అది నాకు అర్థమవుతుంది కూడా. 'మళ్ళీ ఈ ఊరు వస్తామో రామో, వచ్చినప్పుడే అన్నీ చూసేయాలి కదా' అంటారు. సెలవులు దొరకనివాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళనో పిల్లల్నో ఎవరికో అప్పజెప్పి ఒక్కరోజు సంపాదించుకున్నవాళ్ళు ఈ మాట అంటుంటే కొట్టిపారేయలేను. వాళ్ళకి దొరికింది నిజంగా ఒక్కరోజే. కానీ ఆ రోజుని అంత కష్టపడి సంపాదించింది ఇద్దరూ తీరిగ్గా కలిసి ఉండటానికి కదా? ఆ తీరికని ముక్కలు చేసి ఎనిమిది గుమ్మాలకి పంచేస్తే, ఊరు మళ్ళీ దొరకకపోవడం మాట అటుంచి, ఆ రోజు కూడా దొరకనట్టే. మళ్ళీ రాలేమని నిజంగా అనుకునేవాళ్ళు మూడు కూడా కాదు, రెండే పెట్టుకోమంటాను. ఆయన కాగితంలోది ఒకటి, ఆవిడ కాగితంలోది ఒకటి.

వచ్చే నెలలో ఎటైనా వెళ్దామనుకుంటున్నవాళ్ళు టికెట్లకి ముందు ఆ కాగితాలు రాయండి. విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా. ఇద్దరిలో ఎవరి కాగితమైనా ఖాళీగా వస్తే, వాళ్ళకి ఏం చూడాలనుందో తేల్చుకోడానికి ఇంకో రెండు రోజులివ్వండి. అప్పటిదాకా బుకింగ్ ఆపండి.